చక్రం కింద రాయి

ఆ రోజుల్లో నా డ్రైవింగ్ లైసెన్స్‌కి పొలిమేరలు ఉండేవి. ప్లేనోలో మా అపార్ట్‌మెంట్ నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇండియన్ స్టోర్‌కి, అంతే నా రాజ్యం. ప్లేనో అప్పడంలా చదునైన ఊరు (కొండ చూడాలంటే గోడమీది క్యాలెండర్ తిప్పాలి). కొత్తిమీర కట్ట కోసం తప్ప నేను కారు తీయనని మావారు నాది ‘కొత్తిమీర డ్రైవింగ్’ అని పేరు పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఉద్యోగం కొత్తది, లైసెన్స్ కొత్తది, రెండూ నేను కష్టపడి తెచ్చుకున్నవి, బిరుదు మాత్రం కొత్తిమీర.

అత్తయ్యగారూ మావయ్యగారూ మా దగ్గర ఉండగా థాంక్స్‌గివింగ్ సెలవులకి లాస్ వేగాస్ వెళ్ళాం. తిరుగు ఫ్లైట్ సాయంత్రానికి. ఈలోగా పక్కనే ఉన్న ఎర్ర కొండలు చూసి వద్దామనుకుంటే, సరిగ్గా ఆ పొద్దున్నే మావారు హోటల్ మెట్ల మీద జారి కుడి మడమని బూరెలా పొంగించుకున్నారు. “క్యాన్సిల్ చేసేద్దాం” అన్నారు. “నేను డ్రైవ్ చేస్తా” అన్నాను. అద్దె కారు కాగితాల్లో నా పేరు ముందే రాయించాను (ఆశ చావదు కదా). మావయ్యగారు మంకీ టోపీ సర్దుకుని, “ముందు సీట్లో నేను కూర్చుంటానమ్మా” అన్నారు. నాకు ధైర్యం చెప్పడానికేమో అనుకుని పొంగిపోయాను.

అది వన్‌వే రోడ్డు. ఒకసారి ఎక్కామంటే కొండల చుట్టూ తిరిగి అటు దిగాల్సిందే, మధ్యలో వెనక్కి మళ్ళడం కుదరదు. కుంకుమ రంగు కొండలు, వాటిమీద మీగడ రంగు చారలు అని వెనక సీట్లో అత్తయ్యగారు వర్ణిస్తుంటే వింటున్నానే గాని, నాకు కనిపించింది తెల్ల గీత ఒక్కటే. పక్కన మావయ్యగారు లేని బ్రేకుని కుడికాలితో తొక్కుతూనే ఉన్నారు.

“చిన్నగా పోనీ అమ్మా.”

“చిన్నగానే పోతున్నా మావయ్యగారూ.”

“ఇంకా చిన్నగా.”

మా వెనక కార్లు పెళ్ళి ఊరేగింపులా బారులు తీరాయి.

ఒకచోట దిగుడు వాలులో రోడ్డు పక్కన ఆపాను. పులిహోర తిన్నాం, ఫొటోలు దిగాం. తిరిగొచ్చి గేరు మార్చి యాక్సిలరేటర్ నొక్కితే కారు ముందుకు ఊగిందే గాని కదల్లేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఊగింది. “హ్యాండ్ బ్రేక్ తీశావా?” అన్నారు మావారు. తీశాను. “పోనీ, ఇది కొత్తిమీర దొరికే రూట్ కాదని ఆగిపోయిందేమో” అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దిగి చూద్దును కదా, ముందు చక్రాలు రెండింటికీ చెరొక ఎర్ర రాయి అడ్డం పెట్టి ఉంది.

మావయ్యగారు కిటికీ దించి నింపాదిగా చెప్పారు. “ఘాట్ రోడ్డు కదమ్మా. రాయి పెట్టకపోతే ఎలా?”

“శ్రీశైలం ఘాట్‌లో బస్సు ఆగితే చాలు, రాళ్ళ కోసం క్లీనర్ కన్నా ముందు ఈయనే దిగేవారు” అన్నారు అత్తయ్యగారు.

“నాన్నా, ఇది ఆటోమేటిక్. గేరు పార్క్‌లో పెడితే కదలదు” అని మావారు తల పట్టుకున్నారు.

“కదలదని నీకు తెలుసు, నాకు తెలుసు. బండికి తెలియొద్దూ?”

నవ్వొచ్చింది, దాని వెనకే ఉక్రోషమూ వచ్చింది. ఆ రాళ్ళు పెట్టింది బండిని నమ్మక కాదు, నన్ను నమ్మక. వాటిని తీసి పక్కన పడేసి మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నాను. ఆ తర్వాత ఒకటే మలుపులు, ఒకటే దిగుడు. ఒక్క కుదుపు లేకుండా దింపాను. ఎప్పుడు మానిందో గాని, మావయ్యగారి కుడికాలు తొక్కడం మానేసింది.

ఇంకొంత దూరం పోయాక మళ్ళీ ఆపాను. అక్కడ వాలు మొదటిదానికన్నా ఎక్కువ. అందరూ దిగాక వంగి ముందు చక్రాలు చూశాను, వెనక చక్రాలూ చూశాను. రాయి లేదు. మావయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని, కారు వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడకుండా నడిచిపోతున్నారు. ఆ ఎర్ర కొండల్ని నేను తలెత్తి చూసింది అప్పుడే. అంత గర్వంగా నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా అనిపించలేదు.

ఎయిర్‌పోర్ట్‌లో మావయ్యగారు ఫ్రిస్కోలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, “మా కోడలు ఘాట్ రోడ్డు దింపిందిరా, నేను హాయిగా నిద్రపోయాను” అని చెప్పారు (నిద్ర కాదు గదా, కన్నార్పితే ఒట్టు).

ఇప్పుడు మేం డబ్లిన్‌లో ఒక ఏటవాలు వీధిలో ఉంటున్నాం. మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకుంటోంది. మొన్న తను కారు వీధిలో ఆపి లోపలికి వెళ్ళగానే, పూలమొక్కల చుట్టూ పేర్చిన రాళ్ళలో ఒకటి తీసుకుని వంగాను. “అమ్మా, ఆర్ యూ సీరియస్?” అని వెనకనుంచి వినబడింది.

“కార్‌కి తెలియాలి కదే” అన్నాను.

రాయి పెట్టడం మావయ్యగారి దగ్గర సులువుగానే పట్టుబడింది. పెట్టకుండా నడిచిపోవడమే ఇంకా చేతకావడం లేదు.