చూడకుండా వేసిన ముద్ర

మా నాన్నను కార్ఖానాలో అందరూ చాదస్తం గారు అనేవారు. అనరూ మరి? ఫిరంగి గుండు కొసన బిగించే ఫ్యూజు, అంటే గుండును పేల్చే భాగం, ఆయన చెయ్యి దాటడం గగనమే. అన్నేళ్ళూ ఒకటే పని. ట్రేకి ఇరవై నాలుగు ఫ్యూజులు, ఒక్కొక్కటీ కొలిచి చూడాలి, బాగుంటే తన అంకె ముద్ర కొట్టాలి. ఆయన అంకె ముప్పయ్యొకటి. ఇంట్లో సీసా మూత కూడా మూడుసార్లు తిప్పి చూసేవారు. అమ్మ తల పట్టుకునేది.

రిటైరయ్యాక టీవీ వాళ్ళకు దొరికారు. ఎక్కడ యుద్ధమొచ్చినా సాయంత్రానికి కారు పంపేవారు. మిగతా నిపుణులు గొంతు చించుకుంటుంటే ఈయన నెమ్మదిగా, "గుండు ఎవరికి అమ్మారో అమ్మకం కాగితంలో ఉంటుందండీ. ఎన్ని చేతులు మారి ఎవరింట్లో పడుతుందో ఉండదు," అనేవారు. చొక్కా ఇస్త్రీ చేసి వెంట వెళ్ళేది నేనే కాబట్టి ఆ మాట నాకు కంఠతా వచ్చేసింది.

ఏ దేశం దగ్గర ఎన్ని ఫిరంగులున్నాయో చెప్పగల మనిషికి కూతురి పుట్టినరోజు మాత్రం పట్టదు. ఆ రోజు ముభావంగా ఒక మూల కూర్చునేవారు. నోట్లో మిఠాయి పెడితే మింగేవారు, అంతే. ఆడపిల్ల పుట్టిందనే బాధ కాబోలనుకున్నాను. ఎవరూ అనని మాట నాకు నేనే అనుకుని నలభయ్యేళ్ళు మోశాను. అడిగితే ఔనంటారేమోనని భయం.

మొన్న స్టూడియోలో పెద్ద తెర మీద ఫొటో వేశారు. దూరదేశంలో ఎవరిదో వంటగది. కప్పు చీల్చుకుని వచ్చిన గుండు నేల మీద అడ్డంగా పడి ఉంది, పేలలేదు. పక్కనే సగం తరిగిన ఉల్లిపాయలు.

"సార్, ఇది మన సరుకేనా?" అని అడిగింది యాంకరమ్మాయి. ఫొటోను దగ్గరికి లాగి చూపించారు. ముప్పయ్యొకటి. దాని కింద ట్రే నంబరు.

నాన్న కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"మనదే అమ్మా. ముద్ర నాది. ఈ ట్రే నేను చూడలేదు. చూడకుండా కొట్టేశాను."

ఆ అమ్మాయి చెవిలో ఎవరో ఏదో అన్నట్టున్నారు. "సార్, విరామం తర్వాత..." అనబోయింది.

"ఆగమ్మా, ఇది చెప్పనీ. పేలలేదంటే చచ్చిందని కాదు. లోపల సూది ఇరుక్కుని ఉంటుంది, కదిపితే జారుతుంది. దాన్నెవరూ ముట్టుకోవద్దు. ఇలాంటివి ఇంకా ఇరవై మూడున్నాయి. నంబరు రాసుకోమనండి."

తెర వైపు చూడకుండానే నంబరు మూడుసార్లు చెప్పారు.

బయటికొస్తుంటే ఎవరూ పలకరించలేదు. ఇక కారు పంపరని తెలిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"సంపాదించుకున్న పేరంతా ఒక్క నిమిషంలో మంటగలిపావు. అయినా నువ్వు చూడకుండా ఎలా కొట్టావు నాన్నా?"

"గేటు దగ్గరికి కబురొచ్చింది. మీ అమ్మకి కష్టంగా ఉంది, రమ్మని. ట్రే పూర్తిచెయ్యందే వదలరు. ఇరవై నాలుగూ టకటకా కొట్టేసి పరుగెత్తాను. నేనొచ్చేసరికి నువ్వు గుక్కపట్టి ఏడుస్తున్నావు."

కారు తలుపు తీసి ఆయన్ని ఎక్కించి, పక్కన కూర్చున్నాను.

"మర్నాటికి లారీ వెళ్ళిపోయింది. చెబితే ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. ఏటా నీ పుట్టినరోజుకి ఆ ట్రేనే గుర్తొస్తుంది. ఏ సిపాయి దాన్ని నమ్ముకుని ప్రాణం పోగొట్టుకున్నాడో అని. ఇవాళేమో ఆ ఉల్లిపాయలు తరిగినావిడ బతికే ఉందట. ఏడవాలో నవ్వాలో తెలీట్లేదమ్మా."

"అయితే నేను పుట్టినందుకు కాదా, నీ బాధ?"

ఆయన తెల్లబోయి నా వైపు చూశారు.

"పిచ్చిమొహమా. నువ్వు పుడుతున్నావనేగా పరుగెత్తింది."

నలభయ్యేళ్ళ ఏడుపంతా ఆ కారులోనే ఏడ్చేశాను.