లిలువాలో ప్రపంచ వీడియో గేమ్ మహాసభ

ఆ రోజుల్లో కోల్‌కతాలో సభలు పెట్టేవాళ్ళు కొందరు, వాటికి వెళ్ళేవాళ్ళు కొందరు. మిగిలిన జనాభా ఆ సభల వల్ల కదలని బస్సుల్లో కూర్చుని చెమటలు కక్కేది. పుట్టుకతో నేను ఆ బస్సులో మనిషిని. అలాంటివాణ్ణి ఒకసారి సభ పెట్టేవాళ్ళలోకి ఎలా జారిపడ్డానో ఇప్పుడు చెబుతాను. ఇందులో రక్తం చిందుతుంది, కవచం తొడిగిన వీరుడు నేలకొరుగుతాడు, కొడుకు కోసం తండ్రి రంగంలోకి దిగుతాడు. ఇదొక మహాకావ్యం. (కాదు. అసలు యుద్ధానికి ప్లగ్ పాయింటే దొరకలేదు. అయినా గొంతు సవరించుకున్నాను కాబట్టి కూర్చోండి.)

వీరుడు మా పిన్ని కొడుకు. అసలు పేరు ఇంట్లో తిట్టడానికి మాత్రమే వాడేవారు. కోల్‌కతా పక్కన మా రైల్వే పేట లిలువాకంతటికీ వాడు జపాన్. పాత పుస్తకాల బండి మీద దొరికిన ఒక కంప్యూటర్ పత్రిక వాణ్ణి పాడుచేసింది. అందులో దేశదేశాల్లో జరిగే వీడియో గేమ్ మహాసభల బొమ్మలున్నాయి. జపాన్‌లో విమానాలు పట్టేంత హాలు, అమెరికాలో, ఇంకా బజారుకి రాని ఆటను ముందే చూడ్డానికి తోసుకుంటున్న పెద్దమనుషులు, జర్మనీలో ఆటల్లోని యోధుల వేషాలు కట్టి అట్టకత్తులతో తిరుగుతున్న ఆడా మగా. "రాత్రంతా క్యూలో నిలబడతారంట్రా" అన్నాడు వాడు పత్రిక నా ముక్కు కింద పెట్టి. కిరసనాయిలు కోసం రేషన్ షాపు ముందు మా అమ్మ ఇంకా బాగా నిలబడుతుంది, ఆవిణ్ణి ఎవరూ రంగుల్లో అచ్చేయలేదు అన్నాను. వాడు నన్ను జాలిగా చూసి, "మనమూ పెడదాం. అంతర్జాతీయం" అన్నాడు. ప్రతినిధులంటే లిలువా సైబర్ కెఫేలో మేమొక గుంపు, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో కొందరు, గార్డెన్ రీచ్ నుంచి ఇద్దరు. గార్డెన్ రీచ్ నదికి అవతల కాబట్టి విదేశమే.

బాబాయి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సుత్తితో కొడితే మోగని దేన్నీ నమ్మేవాడు కాదు. జపాన్‌కి కంప్యూటర్ ఆటల దుకాణం పెట్టాలని, బాబాయికి వాణ్ణి వర్క్‌షాపులో అప్రెంటిసుగా తోసెయ్యాలని. తీర్పు అన్నాల దగ్గర వెలువడింది.

"బొమ్మలాటకి సభేటిరా?"

"ప్రపంచమంతా పెడతన్నారు నాన్నా."

"ప్రపంచం నీకు కూడెడతాదేటి? సరే, ఇను. హాలు నిండిందా, ఏడాది నీ ఇష్టం, నానేటీ అనను. నిండలేదా, సోమారం పొద్దున్న టిపిను డబ్బా అట్టుకుని నా ఎనక రా."

పిన్ని నా వైపు తిరిగి, "నువ్వైనా సెప్పవేట్రా?" అంది. నేను పప్పు వడ్డించమన్నాను.

పేటలో హాలంటే క్లబ్బుది, క్లబ్బంటే దాదాది. దాదా పార్టీ మనిషి. పెళ్ళిపందిరి దగ్గర్నుంచి కుళాయి తగాదా దాకా ఆయన తలూపితేనే కదిలేది. టోక్యో వర్ణనంతా ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "ఖూబ్ భాలో. హాలు తీసుకో. రక్తదాన శిబిరం ఎన్నింటికి?" (బెంగాలీలోనే అన్నాడు, మీ కోసం తెలుగు చేస్తున్నాను.) జపాన్ తెల్లమొహం వేశాడు. "రక్తదానం లేకుండా మా క్లబ్బులో ఏ కార్యక్రమమూ జరగలేదు, భాయ్. ఫుట్‌బాల్‌కి ఉంది, పాటల పోటీకి ఉంది. నీ వీడియోకి ఎందుకుండదు?"

"టోక్యోలో రక్తం తియ్యరు దాదా."

"అందుకే వాళ్ళలా ఉన్నారు" అన్నాడు దాదా.

ఆదివారం దీపం వెలిగించారు, హార్మోనియం మీద ఒక పాట అయింది. విదేశీ కంపెనీలు మన యువకుల బొటనవేళ్ళను ఎలా బానిసలు చేస్తున్నాయో దాదా మేం కెఫే నుంచి మోసుకొచ్చిన రెండు కంప్యూటర్ల ముందే నిలబడి వివరించాడు. బాగా మాట్లాడాడని నేను చప్పట్లు కొట్టాను. అప్పుడు తెలిసింది, హాల్లో పనిచేసే ప్లగ్ పాయింటు ఒక్కటేనని. రక్తం సంచిని ఉయ్యాల ఊపే మిషను ఒకటుంటుంది, దానికీ కరెంటు కావాలి. "ముందు రక్తం, తర్వాత ఆట" అన్నాడు దాదా. ప్రపంచ మహాసభ వాయిదా పడింది.

ఈలోగా హాలు నిండసాగింది. రక్తమిచ్చినవాళ్ళకి ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు, సందేశ్ మిఠాయి, స్టీలు టిఫిను డబ్బా అని వార్త పాకింది. వరస గుమ్మం దాటి సందులోకి పోయింది. జర్మనీ బొమ్మలో ఉన్నట్టే ఉంది. కాకపోతే వీళ్ళలో ఎవరికీ మౌస్ పట్టుకోవడం రాదు. గుమ్మంలో బాబాయి ఆగిపోయాడు.

"ఈళ్ళంతా నీ సభకే వొచ్చారేట్రా?"

జపాన్ గుడ్ల బుట్ట వైపు చూడకుండా, "ఔను నాన్నా" అన్నాడు.

సభ పెట్టినవాడు ముందు ఇవ్వాలి కదా. వాడు ఫ్రిజ్ అట్టపెట్టెతో చేసి, సిగరెట్ పెట్టెల వెండికాగితం అంటించిన కవచంలో ఉన్నాడు. చేతిలో పిన్ని గంగాళం మూత డాలు. నర్సు చుట్టూ తిరిగి చూసి, "ఇందులో చెయ్యి ఎక్కడుంది?" అని అడిగింది. కత్తెరతో భుజం దగ్గర కోట గోడ పగలగొట్టారు. సూది కనపడింది. తగల్లేదు, కనపడిందంతే, జపాన్ కవచంతో సహా బల్ల మీంచి కింద పడ్డాడు. ఖాళీ పెట్టె పడ్డ చప్పుడే వచ్చింది. గార్డెన్ రీచ్ ప్రతినిధులు నవ్వారు, వరసలో ముందున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. బాబాయి ఆ డాలుతోనే వాడికి కాసేపు గాలి విసిరాడు. తర్వాత చుట్టూ చూసి, చొక్కా చెయ్యి మడిచి, అదే బల్లమీద పడుకున్నాడు. "తియ్యండమ్మా. ఆడి బదులు" అన్నాడు. వరస మళ్ళీ ముందుకొచ్చింది.

బాబాయి లేచి గుడ్డు తింటూ చెప్పాడు: "హాలు నిండింది. మాటంటే మాటే. ఏడాది నీది." జపాన్ లేచి కూర్చుని నవ్వబోయాడు. కానీ ఆ మాట దాదా చెవిన కూడా పడింది. ఇంత జనాన్ని పోగేసినవాణ్ణి వదులుతాడా? క్లబ్బు శిబిరాలన్నింటికీ అక్కడికక్కడే వాణ్ణి పెద్దని చేశాడు. వాడు గెలుచుకున్న ఏడాదంతా మంచాలు మోయడంలో, గుడ్లు ఉడికించడంలో పోయింది. ఇప్పుడు వాడు ఒక బ్లడ్ బ్యాంకులో ఉద్యోగి, తెల్లకోటు వేసుకుంటాడు. చివరిదాకా కట్టిన వేషం అదొక్కటే. సూది గుచ్చేటప్పుడు ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటాడట. బాబాయి మాత్రం ఆ రోజు రక్తానికి దక్కిన టిఫిను డబ్బాతోనే రిటైరయ్యాడు.

సాయంత్రం ప్లగ్ ఖాళీ అయ్యేసరికి హాల్లో నేనూ, గుడ్డుపెంకులు ఊడుస్తున్న ఆయనా మిగిలాం. మోచేతి మడతలో దూది నొక్కుకుని, ఒంటిచేత్తో ఆట మొదలుపెట్టాను. ఎదుటి కుర్చీలో ఎవరూ లేరు కాబట్టి గెలిచాను. ప్రపంచ చాంపియన్ అయిన ఆ క్షణంలో ఆయన కాళ్ళు పైకెత్తమన్నాడు, ఎత్తాను. తెర వెలుగులో కాళ్ళెత్తుకుని కూర్చున్న ఆ కుర్రాడు ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాడితో ఒక్క ఆట ఆడాలనిపిస్తుంది.

నాది బి పాజిటివ్.