తాళాలావిడ ట్రైలర్

“అందరి బండ్లకీ తాళాలు వేసేదానివి, నీ బండే ఎలా పోయిందమ్మా?”

పోలీస్ స్టేషన్లో సార్జెంట్ బూయ్సెన్ అడిగిన మొదటి మాట ఇదే. అలెట్టా స్వానెపూల్ కు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఒకప్పుడు మా దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫొంటేన్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఫోన్ దగ్గర కూర్చునేది. ట్రైలర్ పోయిందని, గుడారం పోయిందని, ఫ్రిజ్ పోయిందని మొత్తుకునేవాళ్ల గొంతులు ఏళ్ల తరబడి వింది. ఏ వస్తువు ఎలా పోతుందో ఆమెకు కంఠతా వచ్చేసింది. ఉద్యోగం పోయాక ఇల్లు అమ్మి, అప్పులు తీర్చి, మిగిలినదాంతో కారు వెనక తగిలించి లాక్కెళ్లే పాత క్యాంపింగ్ ట్రైలర్ ఒకటి కొంది. పైన విప్పుకునే గుడారం, పక్కన బయటికి లాగితే వంటిల్లు, అడుగున తాళాల పెట్టెలు. సెలవులకు జనం ఎక్కడ దిగితే అక్కడికి పోయేది. గ్యాస్ సిలిండర్‌కు గొలుసు, జనరేటర్‌కు గొలుసు, చక్రానికి ఇనుప పట్టా, ముక్కుకు తాళం, ఏది కావాలంటే అది అమ్మి, తనే బిగించి ఇచ్చేది. ట్రైలర్ ముందుకొసన, కారు వెనక ఉండే ఇనుప గుండు మీద కూర్చునే భాగాన్ని మావాళ్లు ముక్కంటారు. ముక్కుకు తాళం పడ్డ ట్రైలర్‌ను ఏ కారూ లాక్కుపోలేదు.

అంటే ఆ ట్రైలరే ఆమె ఇల్లు, ఆ ట్రైలరే ఆమె దుకాణం. దానికి ఇన్సూరెన్స్ మాత్రం చేయించలేదు. అలాంటి కంపెనీలో పనిచేసింది కాబట్టే.

ఆ ఈస్టర్‌కు మోసెల్ బే ఊరు దాటాక సముద్రం ఒడ్డునున్న క్యాంపు కిటకిటలాడింది. శుక్రవారానికే సరుకు అయిపోయింది. తన బండి చక్రాల పట్టా కూడా ఎవరికో అమ్మేసింది. కింబర్లీ నుంచి కొత్త ట్రైలర్‌తో వచ్చి పక్క స్థలంలో దిగిన ఫాన్ ఫెర్మాక్, డెబ్బై దాటిన రిటైర్డ్ రైల్వే మనిషి, దిగిన దగ్గర్నుంచీ ఒకటే గోల.

“ముక్కు తాళం ఒక్కటైనా లేదా అలెట్టా? నాకు నిద్ర పట్టదు.”

“నా బండికున్నదే మిగిలింది బాబాయ్.”

“నువ్వెప్పుడూ ఇక్కడే ఉంటావు కదే! నీదెవడు ఎత్తుకుపోతాడు? దొంగలకు నువ్వంటే హడల్. నెలాఖరుకు పింఛను రాగానే డబ్బిచ్చేస్తాలే.”

పొగడ్తకు పడిపోయిందో, బేరానికి పడిపోయిందో, తన ముక్కు తాళం ఊడదీసి ఆయన ట్రైలర్‌కు బిగించింది.

శనివారం పొద్దున, అమ్మిన గొలుసులు బిగించడానికి ఆమె పనిముట్లు కార్లో వేసుకుని క్యాంపు ఆ చివరికి వెళ్లింది. ఇక్కడ ఆమె స్థలం దగ్గరికి, ఖాకీ చొక్కా, పొట్టి నిక్కరు వేసుకున్న పాతికేళ్లవాడొకడు పికప్‌లో వచ్చి, ఆమె ట్రైలర్ వైపు బండిని వెనక్కి నడపడం మొదలుపెట్టాడు. “గుడ్ మార్నింగ్ బాబాయ్” అన్నాడు. అంతే.

మా క్యాంపుల్లో ఎవరైనా ట్రైలర్ తగిలించుకుంటున్నారంటే చూస్తూ కూర్చునే మగవాడు ఉండడు. కాఫీలో ముంచిన రస్కు అలాగే వదిలేసి లేస్తాడు. ఎవరి బండి, ఎక్కడికి అని అడగడు. దీన్ని మంచితనమని పొగిడేవాళ్లున్నారు. నాకైతే సగమే మంచితనంలా కనిపిస్తుంది. మిగతా సగం, బండి వెనక్కి పెట్టించే విద్య తమకొక్కళ్లకే వచ్చన్న ధీమా.

“ఎడమకి! ఎడమకిరా అబ్బాయ్! నీ ఎడమ కాదు, నా ఎడమ!” అని ఫాన్ చేతులూపాడు. ఇంకో ఇద్దరు గుడారం మడిచారు, కుర్చీలు లోపల సర్దారు. ముగ్గురూ కలిసి ముక్కును గుండు మీద కూర్చోబెట్టారు. వాడు కదలబోతుంటే ఫాన్ మళ్లీ కేకేశాడు.

“ఆగాగు! లైట్ల వైరు తగిలించలేదు. రోడ్డు మీద పోలీసులు పట్టుకుంటారు.”

తనే వంగి తగిలించాడు కూడా.

అలెట్టా తిరిగొచ్చేసరికి పాలిపోయిన గడ్డి నలుచదరంగా మిగిలింది.

“బాబాయ్, నా ఇల్లేది?”

“మీ అబ్బాయి తీసుకెళ్లాడుగా.”

“నాకు అబ్బాయెక్కడున్నాడు?”

“అదేంటి... చాలా మర్యాదస్తుడే!”

స్టేషన్లో ఇదంతా విన్నాక సార్జెంట్ బూయ్సెన్ కలం పక్కన పెట్టాడు. “పండగని హైవే మీదే కాపలా ఉన్నామమ్మా. లైట్లు వెలగని ప్రతి ట్రైలర్‌నూ ఆపాం.” కలం మళ్లీ అందుకుని, “నీది వెలుగుతూ పోయుంటుంది” అన్నాడు.

ట్రైలర్ దొరకలేదు. ఆదివారం ఒడ్డున జరిగిన ఆరాధనలో ఆమె పేరు పెట్టి ప్రార్థన చేశారు. చందా ఎవరూ వేయలేదు. కానీ తాళాలకు మాత్రం ఆర్డర్లు కుప్పలుగా వచ్చాయి. తాళాలావిడదే పోయిందన్న కబురు చేసినంత ప్రచారం ఏ బోర్డూ చేయలేదు. ఈస్టర్ తర్వాత మాకొచ్చే చలికాలమంతా కార్లోనే పడుకుని, అంతకంటే పాత ట్రైలరొకటి వాయిదాల మీద కొంది.

మరుసటి ఈస్టర్‌కు అదే క్యాంపు, అదే స్థలం. బండి తగిలించుకునేవాణ్ణి ముందు ఎవరి బండని అడగండయ్యా అని మగవాళ్లకు చెప్పి చూసింది.

“మొహం మీదే నువ్వు దొంగవా అని అడగమంటావా?” అన్నాడు ఫాన్. “మా అమ్మ నన్నలా పెంచలేదు.”

ఇక లాభం లేదని ట్రైలర్ ముక్కు మీద ఎర్ర రంగుతో రెండు మాటలు రాసింది: సాయం చేయొద్దు.

అందరికీ కోపం వచ్చింది. అయినా పాటించారు. వెళ్లే రోజున అలెట్టా ఒక్కతే కారు వెనక్కి నడుపుతుంది, దిగి చూస్తుంది, వంకరగా ఉందని మళ్లీ ఎక్కుతుంది. మగవాళ్లు కుర్చీల్లో బిగుసుకుపోయి కూర్చున్నారు. ఫాన్ మడమలు నేల మీద ఆగడం లేదు.

“ఒక్క మాట చెప్పనీవే. ఎడమకి!”

“చదువు రాదా బాబాయ్?”

చివరికి ముక్కు గుండు మీద కూర్చుంది. లైట్ల వైరు తనే తగిలించుకుని వెళ్లిపోయింది.

ఆమె పాత తాళం ఫాన్ ట్రైలర్ ముక్కున ఇంకా ఉంది. దాని తాలూకు తొమ్మిది వందల రాండ్లు ఆయన ఇంతవరకూ ఇవ్వలేదు.