మూడో అంతస్తులో మగ్గం గుంట

తమ్ముడూ, నీ మోకాలి వాపు తగ్గిందా? మరదలి దగ్గు నెమ్మదించిందా? చంటిదానికి జ్వరం మళ్ళీ రాలేదు కదా? ఇక్కడ నాకే గుండె దడ.

ఈ రోజు మధ్యాహ్నం మా మరిది బొంబాయి నుంచి పెడన వచ్చాడు. అక్కడ సహకార సంఘం కట్టిన మేడలో తనకున్న రెండు పడకగదుల ఫ్లాటు అమ్ముతాడట. మేం ఈ ఇల్లు అమ్మేసి అది కొనుక్కోవాలట. అదీ సంఘం వాళ్ళు ఒప్పుకుంటేనేనట. కాళ్ళయినా కడుక్కోకుండా ఫ్లాటు పటం నా ముందు పరిచాడు.

"ఇందులో మగ్గం గుంట ఎక్కడ తవ్వుకోవాలి?" అని అడిగాను.

"మూడో అంతస్తులో గుంటేమిటి వదినా! కింద వేరేవాళ్ళు కాపురముంటారు" అని నవ్వాడు.

"మరి మా అబ్బాయి కాళ్ళు ఎక్కడ దించుకుని నేస్తాడు, వాళ్ళ నెత్తి మీదా? అంత మంచి కొంపయితే నువ్వెందుకు వదిలించుకుంటున్నావు?" అన్నాను.

ముఖం మాడ్చుకుని కాగితం మడిచాడు. నేనన్నదాంట్లో తప్పుంటే నువ్వే చెప్పు.

నా భయం అతని గురించి కాదు. గుంటలో కూర్చుని నేస్తున్న మా అబ్బాయి చెయ్యి ఆపి, "కుళాయి ఇంట్లోనే ఉంటుందా బాబాయ్?" అని అడిగాడు. అప్పటినుంచి ఇంట్లో మగ్గం చప్పుడు లేదు.

మరిది గురువారం ఈ ఇల్లు అమ్మే కాగితాల మీద సంతకాలకు మళ్ళీ వస్తాడట. నీ మేనల్లుడు నీ మాటే వింటాడు. బుధవారం పొద్దుటి రైలుకే రా.