కాలు పట్టుకోవచ్చా?

స్పానిష్ నేను ఫోన్లో పాఠాలు విని నేర్చుకున్నాను. ఆదోనిలో, సరిగా నడవలేని పిల్లలకు వ్యాయామం చేయించే చిన్న కేంద్రంలో అప్పుడు నా పని. స్పెయిన్ నుంచి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చి కొన్నాళ్లు ఉంటుందని తెలిసి మొదలుపెట్టాను. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం, నా స్పానిష్ అంతకన్నా తక్కువ. అయినా ఊళ్లకు ఆమె వెంట నన్నే పంపేవారు.

ప్రతి గుమ్మం దగ్గరా ఆమె ఆగి "సె ప్వేదె?" అనేది. లోపలివాళ్లు నవ్వి, "రాండి మా, దానికీ అడగల్లనా" అనేవాళ్లు. పిల్లల ఎదుట కూర్చున్నాక ఆ మాట "ప్వేదో?" అయ్యేది. రెంటికీ నా తెలుగు ఒకేలా ఉండేది, "రావచ్చా?", "పట్టుకోవచ్చా?" అని. తేడా ఏమిటని ఒకసారి ఆటోలో అడిగాను. మొదటిది, ఇక్కడ ఇలా చేయడం కుదురుతుందా అని. రెండోది, నేను చేయవచ్చా అని. ఇంకోటి కూడా ఉందట, "మె దేహాస్?" నన్ను చేయనిస్తావా అని. అది మాత్రం ఎదుటి మనిషి చేతిలో ఉంటుందని చెప్పింది.

గోనెగండ్ల దగ్గరి ఒక ఊళ్లో తొమ్మిదేళ్ల పాప ఉండేది. పుట్టుకతోనే ఒక పాదం లోపలికి తిరిగి ఉంటే ఆపరేషన్ చేయించారు. కట్టు విప్పాక మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. పాదం బిగుసుకుపోతోంది, మడిమ నేలకు ఆనడం లేదు. అమ్మానాన్నలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయినందున పాపను అవ్వే చూసుకుంటోంది.

ఫిజియోథెరపిస్టు పాప ఎదుట నేలమీద కూర్చుని, చేయి గాల్లోనే ఆపి "ప్వేదో?" అంది.

"కాలు పట్టుకోవచ్చా అని అడుగుతోంది పాపా," అన్నాను.

"వద్దు."

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. అవ్వకు కోపం వచ్చింది.

"దాన్ని అడుగుతా కూసుంటే అయ్యేదేనా మా? నేను భుజాలు అదిమి పట్టుకుంటా, మీరు కాలు వంచండి. ఇంతకుముందు అట్లే సేసినారు."

నేను ఆ మాట చెప్పగానే ఆమె తల అడ్డంగా ఊపింది. "నో మె దేహ." పాప చేయనివ్వడం లేదు, అంతే. ఆ రోజు కబుర్లు చెప్పి వచ్చేశాం. మరుసటి వారమూ అంతే.

మూడోసారి పోయినప్పుడు ఎండకు ఆమె ప్యాంటు మోకాళ్లదాకా మడిచింది. ఒక మోకాలి మీద పొడుగాటి కుట్ల మచ్చ. పాప కళ్లు దానిమీదే ఉన్నాయి. కాసేపటికి చేయి చాచి, మచ్చకు జానెడు దూరంలో ఆపింది.

"ప్వేదో?"

అవ్వా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె మాత్రం మామూలుగా "క్లారో" అంది. తప్పకుండా అని. పాప బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"నొప్పా?"

"ఉన్ పోకో."

"కొంచెమంట," అన్నాను.

పాప ఆలోచించింది. "నాది కూడా కొంచెమే పట్టుకోమను. సాలంటే వదల్ల."

అట్లే వదిలేది. పాప "సాలు" అన్న ప్రతిసారీ ఆ చేతులు పైకి లేచేవి. పక్కన కూర్చుని అవ్వ విసుక్కునేది. "ఇట్లయితే సుగ్గికి పోయినోళ్లు వచ్చేదాంకా అయితాది."

నిజంగానే అంతకాలం పట్టింది. రానురాను "సాలు" అనడం తగ్గింది. మేం రాని రోజుల్లో అవ్వే చేయించసాగింది, మొదట గొణుక్కుంటూ, తర్వాత పాటలు పాడుతూ.

పాప అమ్మానాన్నలు లారీ దిగిన రోజు మేమక్కడే ఉన్నాం. పాప రోడ్డుదాకా ఎదురు పోయింది. నడక కాస్త ఒరుగుతూనే ఉంది, ఇప్పటికీ ఒరుగుతుంది. తల్లి మూట దించకుండానే కూతురి పాదాలు చూస్తూ నిలబడిపోయింది.

"మడిమ ఆన్తాంది," అంది మెల్లగా. మొగుడికి వినబడలేదేమో, అతడి చేయి పట్టి లాగి మళ్లీ చెప్పింది. "సూడు, మడిమ నేలకు ఆన్తాంది."