సిరప్పు తాగించి పంపిన బిడ్డ

మొన్న ఒకటో తరగతి పాప ఒకతె నోటుబుక్కు చూపించడానికి నా బల్ల దగ్గరికి వచ్చింది. దిద్దుతుంటే ఆ పిల్ల నోట్లోంచి నారింజ సిరప్పు వాసన గుప్పుమంది. జ్వరం మందు. ఎవరికైనా అది తియ్యటి వాసనే. నాకు మాత్రం ఎస్తేరమ్మ మేడమ్ కళ్ళముందు నిలబడుతుంది.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో మా బడికి ఆవిడే ప్రధానోపాధ్యాయురాలు. గనిలో దిగి పనిచేసినవాడి కూతురు. మనిషి పొట్టి, గొంతు మాత్రం గేటు దాకా వినబడేది. నేనేమో కామసముద్రం రైతుల ఇంటి పిల్లని. మొదటి వారమే నన్ను పట్టుకుని, "ఏం సరళమ్మా, మామిడి పూత చూసి కాపు చెప్తావంట గదా, పిల్లకాయ మొగం చూసి జొరం చెప్పలేవా?" అని ఆటపట్టించింది. నేను నవ్వేసి ఊరుకున్నాను. అది నవ్వుకునే మాట కాదని తెలిసేసరికి రెండేళ్ళు పట్టింది.

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. గనులు మూతబడ్డాక ఇక్కడ సగంమంది బతుకు బెంగళూరు రైలుబండి మీదే. తెల్లవారకముందే ఎక్కితే తిరిగి చీకటి పడే వేళకి దిగుతారు. పిల్లకి ఒళ్ళు కాలుతుంటే ఇంట్లో పెట్టుకుని చూసే దిక్కుండదు. అందుకని ఒక మూత సిరప్పు పోసి, పక్కింటివాళ్ళకి చెప్పి బడికి పంపించేస్తారు. మధ్యాహ్నం దాకా జ్వరం బయటపడదు. ఈ ఎత్తు మా అందరికీ తెలుసు. తెలిసీ తెలియనట్టుండటం మంచితనం అనుకునేవాళ్ళం.

ఒకరోజు పొద్దున్నే నా క్లాసులోని సుజి తల్లి నిర్మల రైల్లోంచి ఫోను చేసింది. బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని ఆమెది. "టీచరమ్మా, బిడ్డకి కొంచెం వెచ్చగా ఉండాది. సిరప్పు పోసినాను. మేడమ్‌కి చెప్పొద్దమ్మా, వాపసు పంపిస్తే చూసేవాళ్ళు ఎవురూ లేరు," అంటూ ఏడ్చింది. నాకు మనసు కరిగిపోయింది. సరేనన్నాను. సుజి రోజంతా గొంతు పట్టుకుని కూర్చుంది, టిఫిన్ డబ్బా తెరవలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

మర్నాడు ఆరోగ్యశాఖవాళ్ళు బడికి వచ్చారు. మా ఊళ్ళోనే రాబర్ట్‌సన్‌పేటలో ఒక బిడ్డకి డిఫ్తీరియా తేలిందట. గొంతులో పొర కట్టి ఊపిరి ఆడనివ్వని జబ్బు, పక్కనున్నవాళ్ళకి ఇట్టే అంటుకుంటుంది. మేడమ్ మమ్మల్నందరినీ నిలబెట్టి, "ఈ వారం ఎవురికి జొరం వచ్చింది? ఎవురు గొంతు నొప్పి అన్నారు?" అని అడిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల దించుకున్నాను. సుజి ఆరోజు రాలేదు. నిర్మల ఫోను ఎత్తలేదు. భోజనాల వేళకి ఇక ఆగలేక మేడమ్ గదిలోకి వెళ్ళి అంతా కక్కేశాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ చెప్పులేసుకుని, "పా, ఇల్లు యాడ?" అంది, అంతే.

ఇల్లు తాళం వేసి ఉంది. "బడికి డాక్టర్లు వస్తారని విని బిడ్డని ఎంట తీసుకొని బండెక్కేసిందమ్మా," అంది పక్కింటి ముసలావిడ. బెంగళూరులో ఎక్కడని వెతుకుతాం? ఫ్యాక్టరీ పేరు కూడా ఎవరికీ తెలియదు. సాయంత్రం బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడటం తప్ప దారి లేకపోయింది. అన్ని గంటలూ నాకు ఒకటే ఆలోచన: ఆ పిల్ల ఇప్పుడు ఊపిరి తీసుకుంటోందా?

బండి వచ్చింది. జనం తోసుకుంటూ దిగారు. నిర్మల మమ్మల్ని చూసి, బిడ్డని భుజాన వేసుకుని అవతలి తలుపు వైపు మళ్ళింది. మేడమ్ పెట్టెలోకి ఎక్కి ఆమె కొంగు పట్టుకుంది. ఫోను లైటు వేసి, "నోరు తెరువు నా తల్లీ," అంది. సుజి గొంతులో బూడిదరంగు పొర నాకూ కనబడింది. ఊపిరి తీస్తుంటే గుర్రుగుర్రుమంటోంది.

"ఇంగ ఇంటికి పోయేది లేదు. నేరుగా ఆసుపత్రికే."

"రేపు రాకుంటే పనిలోంచి తీసేస్తారు మేడమ్! మీ కాళ్ళు మొక్కుతా, ఈ రాత్రికి వదిలెయ్యండి!"

"పని పోతే ఇంగోటి చూద్దాము. బిడ్డ పోతే యాడ చూస్తావు?"

చుట్టూ జనం మూగారు. "ఏందమ్మా, కష్టంలో ఉండే ఆడకూతుర్ని అట్ల దబాయిస్తావు?" అన్నాడొకాయన. నాకూ అలాగే అనిపించింది, సిగ్గు విడిచి చెబుతున్నాను. మేడమ్ బిడ్డని లాక్కుని ఆటో వైపు నడిచింది. నిర్మల శాపనార్థాలు పెడుతూ వెనకాల పరుగెత్తింది.

కోలారు ఆసుపత్రిలో సుజిని లోపలికి తీసుకున్నాక మేడమ్ నా వైపు తిరిగింది. "రేపు పిల్లకాయల తల్లిదండ్రుల్ని బడికి పిలిపిస్తాను. నువ్వు నాకు చెప్పిన మాట వాళ్ళ ముందర చెప్పాల. నీ తప్పు నువ్వు చెప్తేనే వాళ్ళది వాళ్ళు చెప్తారు."

చెప్పాను. నిర్మల ఫోను సంగతి, నేను సరేనన్న సంగతి, అన్నీ. వెనక వరుసలోంచి ఒక తల్లి లేచి, "నేనూ నిన్న సిరప్పు పోసి పంపినాను," అంది. తర్వాత ఇంకొకామె, ఆ తర్వాత ఒక తండ్రి. ఆ పూటే ఇద్దరు పిల్లల్లో జబ్బు మొదట్లోనే దొరికింది. మిగతా క్లాసుకి మందులు, సూదులు వేశారు. మేడమ్ ఆ నెలలోనే తన గది ఖాళీ చేసి, జ్వరం వచ్చిన పిల్లలు విడిగా పడుకోవడానికి మంచాలు వేయించి, రిటైరైన నర్సు ఒకావిడను బతిమాలి కూర్చోబెట్టింది. "దారి చూపకుండా నిజం చెప్పమంటే ఎట్ల చెప్తారు?" అనేది.

సుజి బతికింది. ఇంటికి తెచ్చిన రోజు చూడటానికి వెళ్ళాను. నిర్మల పని పోయిందని తెలుసు, నాలుగు ఓదార్పు మాటలు కూడబలుక్కుని మరీ వెళ్ళాను. ఆమె నాకు కాఫీ ఇచ్చి, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల నిమిరింది. తర్వాత నెమ్మదిగా అంది:

"నేను ఏడిస్తే మీరు జాలిపడినారు టీచరమ్మా. ఆయమ్మ పడలా. అందుకే ఇది నా ఒళ్ళో ఉండాది."

ఎస్తేరమ్మ మేడమ్ పోయి నాలుగేళ్ళయింది. నిర్మల కోపంతో అనలేదు ఆ మాట. కోపంతో అనుంటే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని.