కాయలు లేని కొమ్మకు వేలంపాట

మామిడి కాలం వస్తే చాలు, చిత్తూరుకు పోయే దారిలో గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర తీపీ పులుపూ కలిసి మాగిన వాసన బస్సు కిటికీలోంచి ముఖాన కొడుతుంది. పక్కసీటు పిల్లలు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఇంత వయసులోనూ సిగ్గు లేకుండా గుండెల నిండా పీల్చుకుంటాను. ఎందుకంటే ఆ వాసన వెంటే ఐరాల పక్కన మా చిన్న పల్లె, యుద్ధం నాటి కంట్రోలు బియ్యం, చేట ఒళ్ళో పెట్టుకుని అందులో రాళ్ళేరే మా అవ్వ, తోటలో రాలిన పిందెల్ని ఉప్పూకారం అద్దుకుని పళ్ళు పులిసేదాకా తిని, ఎండ తగ్గేవరకూ పంచలో అచ్చెనగండ్లు ఆడుకున్న మేమూ, అందరం ఒక్కసారిగా కళ్ళముందుకొస్తాం.

మాది క్రైస్తవుల ఇల్లు. క్రిస్మసు వస్తోందంటే వారం ముందే కజ్జికాయల వాసన, మురుకుల వాసన, గోడలకు కొట్టిన కొత్త సున్నం వాసన కలిసిపోయి మాకు నిద్రపట్టేది కాదు. ఆదివారాలు సంగటి, ఊరుబిండి పచ్చడి తిని, జడలకు నూనె కారేలా దువ్వించుకుని, తాత వెనక వరసగా మందిరానికి నడిచేవాళ్ళం.

తాత ఒకప్పుడు మిషను బడిలో అయ్యవారు. ప్రార్థన చెయ్యనిదే ముద్ద ముట్టేవాడు కాదు గానీ, బైబిలు చదివినంతసేపూ దానితో పోట్లాడేవాడు. ఆస్తి తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుకు కథలో ఆయనెప్పుడూ పెద్దకొడుకు పక్షమే. "ఇంటిపట్టున ఉండి మడక దున్నినోడికి మేకపిల్ల గూడా లేదు, ఊర్లు తిరిగొచ్చినోడికి కొవ్విన దూడంట!" అని నొచ్చుకునేవాడు. పొద్దున వచ్చినవాడికీ పొద్దుగూకే వేళ వచ్చినవాడికీ ఒకే కూలి ఇచ్చిన యజమాని కథకైతే, "మర్నాడు ఆయప్పకు పొద్దున్నే వచ్చే కూలోళ్ళు యాడ దొరికినారో, అది రాయలేదే!" అనేవాడు. అవ్వ చెవులు మూసుకుని, పాపం తగులుతుందని గొణిగేది. "అడిగితే కోపం తెచ్చుకునేటోడు దొర అవుతాడు గానీ, దేవుడెట్లా అవుతాడే?" అని తాత నవ్వేవాడు.

ఆ నవ్వు మాయమైన ఏడాది ఒకటుంది. మా నాయన చెల్లెలు ఎస్తేరత్తను పక్క పల్లెలో ఇచ్చారు. వాళ్ళదీ మా మందిరమే. పెళ్ళయి చాలా ఏళ్ళయినా అత్తకు పిల్లలు కలగలేదు. ఒక ఆదివారం మందిరంలో పాస్టరు అయ్యగారు అత్తిచెట్టు మీద ప్రసంగం చేశారు: ప్రభువుకు దారిలో ఆకలైంది, పచ్చటి చెట్టు కనబడింది, దగ్గరికి పోతే ఆకులే తప్ప కాయల్లేవు, శపించాడు, చెట్టు ఎండిపోయింది. ఎస్తేరత్త అత్తగారు సంతోషమ్మ (సంతోషం ఆమె పేరులోనే ఉండేది) కోడలి పక్కనే కూర్చుని తలూపుతూ విన్నది. మర్నాడు ట్రంకుపెట్టెతో సహా కోడల్ని తెచ్చి మా పంచలో దించింది.

"కాయని చెట్టును పెబువే ఎండగొట్టినాడు, నేనెంత? కోతపండగ కానీ, నా కొడుక్కు మారుమనువు చేస్తా" అంది. ఈ అయ్యగారు చెయ్యకపోతే ఇంకో మిషనుకు పోతానని కూడా అంది. ఆమె కొడుకు దానియేలు మామ నోట్లో నాలుక లేని మనిషి. మందిరంలో కీర్తన కూడా పైకి పాడేవాడు కాదు.

అత్త మూడుపూటలా ఇంటిపని తన మీదే వేసుకుంది. పుట్టిన ఇంట్లో కూడా తిండి ఊరికే తినకూడదనుకుందేమో. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

తాత నా వేలు పట్టుకుని అయ్యగారి దగ్గరికి పోయాడు. "అది కాయల కాలం కాదని ఆ కథలోనే రాసుండాది కదయ్యగారూ. కాలం కానప్పుడు కాయలేదంటే చెట్టుది తప్పా?"

"అది చెట్టు సంగతి కాదు, కపటభక్తిని గురించి" అన్నారు అయ్యగారు.

"ఆ ముక్క వేదిక పైన నిలబడి సంతోషమ్మకు చెప్పండి."

అయ్యగారు మంచివారే. కానీ ఇంటి గొడవలు మందిరంలోకి తేవద్దన్నారు.

చెనక్కాయలు పెరికిన తర్వాత కోతపండుగ వచ్చింది. పంటలో మొదటిది తెచ్చి మందిరంలో పెట్టడం, ఆరాధన కాగానే వాటిని వేలం వెయ్యడం మా వాడుక. బండ్ల మీద బెల్లం, రాగులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు వచ్చాయి. తాత మాత్రం తోటలోంచి ఒక మామిడికొమ్మ కొట్టుకొచ్చి గుమ్మడికాయల నడుమ పెట్టాడు. మామిడి కాలం కాదు కదా, ఒట్టి ఆకులు. పిల్లలం నవ్వాం. పెద్దలు నవ్వలేదు, వాళ్ళకు అర్థమైపోయింది.

వేలంలో అన్నీ పోయి చివరికి కొమ్మ మిగిలింది. సంఘపెద్ద దాన్ని ఎత్తి చూపి, ఏమనాలో తోచక, "పాట పాడండప్పా" అన్నాడు. అత్త తల వంచుకుని కొంగు మెలిపెడుతోంది.

"పాట నాది" అని వెనకనుంచి దానియేలు మామ లేచాడు.

"ఎంతకు?"

"యెవురెంత పాడితే అంతకు మింద ఒక అణా."

పోటీకి ఎవరూ రాలేదు. మామ కొమ్మ తీసుకుని ఆడవాళ్ళ వైపు నడిచి, తల్లిని దాటుకుని పోయి, అత్త చేతికిచ్చాడు. "పోదాం పా" అన్నాడు. సాయంత్రానికి ఆ ఆకులే వాళ్ళ గుమ్మానికి తోరణమయ్యాయి.

అత్తకు చివరిదాకా పిల్లలు కలగలేదు. ఇప్పుడు తోట లేదు, ప్లాట్లు వేశారు. రాతి మందిరం కొట్టేసి మేడ కట్టారు. కోతపండుగకు అందరూ కవర్లలో డబ్బు వేస్తారు, కోడి కూతా లేదు, వేలంపాటా లేదు. తాత, అవ్వ, మామ, ఒక్కరూ లేరు. అత్త అందరికన్నా ఆలస్యంగా పోయింది. పోయే ముందు ఏడాది ఆమె పక్కన మంచమ్మీద కూర్చుని, ఆ చెట్టు కథ వింటే నీకు దేవుడి మీద కోపం రాలేదా అత్తా, అని అడిగాను.

"కోపమెందుకు పాపా, ఆయప్ప ఆకలి మింద అన్న మాట అది" అంది బోసినోటితో నవ్వుతూ. "ఆకలైతే నోరులేని మీ మామ గూడా అట్లే అరిసేవాడు. నేనేమన్నా ఎండిపోయినానా?"